తలకిందుల రేకులు

మానుకోటల రేకులు కొట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు గాని, ముప్పై ఏండ్లల్ల ఒక్క రేకు కూడ తప్పు కొట్టనోడు ఉస్మాన్ ఒక్కడే. ఆయన కొట్టిన రేకు మీద వాలాలంటే ఎండ కూడ చెప్పులు ఇడిచి వస్తది.

గసొంటి ఉస్మాన్‌కు మొన్న మే నెలల ఇంట్లనే పరేషాన్ వచ్చింది. బిడ్డ ఉజ్మా పురుటికొచ్చింది. పసిగుడ్డుకు ఇరవై రోజులు. చిల్లా నలభై రోజులు తల్లీబిడ్డా పుట్టింట్లనే ఉండాలె. కాని పడమటి రేకుగోడ పెనం లెక్క కాలుతుంటే పిల్ల ఒంటినిండ చెమటకాయలు. జనగామ నుంచి అల్లుడు అకీల్ ఫోన్ చేసిండు.

"మామా, మాది స్లాబ్ ఇల్లు. శుక్రవారం వచ్చి తీస్కపోత."

ఉస్మాన్‌కు ముద్ద దిగలేదు.

పక్కింటి రుచిత ఇంజినీరింగ్ చదువుతది. కాలేజీల పరీక్షకని చేసిన కొత్త రకం రేకులు తెచ్చిచ్చింది. రేకునిండ సన్నటి మెట్లు. ప్రతి మెట్టుకు ఒక దిక్కు తెలుపు, ఒక దిక్కు మెరుపు.

"చాచా, తెల్లది మీదికుండాలె. గోడ వేడిని ఆకాశం దిక్కు తోలుతది. మెరిసేది కిందికుండాలె. రోడ్డు వేడిని వాపస్ కొడతది."

"నాకే రేకు నేర్పుతవా బిడ్డా," అని నవ్వి ఉస్మాన్ వాటిని పడమటి గోడకు ఒక్క పూటల కొట్టేసిండు.

మర్నాడు గది ఇంకింత ఉడికింది. రబియా బీ విసనకర్ర ఆపి మొగుని దిక్కు చూసింది. "నీ రేకు వేడిని తోలుతలేదు, దావత్‌కు పిలుస్తంది."

రుచిత వచ్చి గోడ చూసి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "తలకిందులుగ కొట్టినవ్ చాచా. తెల్లది రోడ్డును చూస్తంది. దాని వేడంతా తాగుతంది."

"మరి మెట్లు మీదికుంటే వాననీళ్లు నిలవయా? ముప్పై ఏండ్ల సంది నీళ్లు జారేటట్టే కొడుతున్న."

రుచిత ఒక రేకు ఊడదీయించి, తిప్పి పట్టి, చెంబెడు నీళ్లు పోసింది. చుక్క నిలవలేదు. ఉస్మాన్ నిచ్చెన తెచ్చుకొని రేకులన్నీ తిప్పి కొట్టిండు.

శుక్రవారం అకీల్ రైలు దిగి ఆటోల వచ్చిండు. గదిలకు పోయి గోడకు చెయ్యి పెట్టిండు, తీసిండు, మళ్ల పెట్టిండు. పిల్ల పిడికిళ్లు విప్పి నిద్రపోతంది. చెమటకాయలు మానుతున్నయ్. అకీల్ ఆ గోడకే ఆనుకొని కూసున్నడు.

"చిల్లా అయినంకనే తీస్కపోత మామా."

ఆ పూట ఉస్మాన్ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు. బయట గోడ పక్కన మేక చలికి వణుకుతుంటే రబియా బీ గోనెసంచి కప్పింది.

ఒక్క రేకు కూడ తప్పు కొట్టలేదంటివి కద అని అడుగుతరేమో. ఒక్కటి కొట్టలేదు, పదకొండు కొట్టిండు. తిప్పి కొట్టినంక గది చల్లబడ్డది గూడ నిజమే. గోనెసంచి ముచ్చట ఒక్కటి నేను కల్పించిన. ఉస్మాన్ ఇంట్ల మేకే లేదు.