మిర్చి ఘాటు అనుకున్నాం

మా పెద్దమ్మ రాజక్క మెడలో గడ్డ నేను పుట్టకముందు నుంచీ ఉంది. మొదట నిమ్మకాయంత ఉండేదట. నేను పదో తరగతికి వచ్చేసరికి రెండు పిడికిళ్లంత అయింది. నొప్పి లేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఆమె దాని మీదుగా కొంగు కప్పుకునేది, అంతే.

ఇద్దరం నెక్కొండ నుంచి పొద్దున రైల్లో వరంగల్ పోయి, ఒక షెడ్డులో మిర్చి తొడిమలు తీసేవాళ్లం. అక్కడ దగ్గని మనిషి లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగదు. ఎవరికైనా దగ్గు తెర వస్తే లేచి వాకిట్లోకి పోయి, బెల్లం ముక్క చప్పరించి వస్తారు. ఎందుకు దగ్గుతున్నావని ఎవరూ అడగరు.

అందుకే ఆ వారం పెద్దమ్మనూ ఎవరూ అడగలేదు. ఊళ్లో ఇంటికొకరు జలుబు, జ్వరంతో పడి ఉన్నారు. ఆమె ఒళ్లూ కాలింది. గోలీ వేసుకుని పనికి వచ్చింది.

"రాజక్క దగ్గు ఇంటే మేస్త్రి గూడ కునుకుల నుంచి లేస్తాండు," అంది పక్కన కూర్చున్న శకుంతల.

"నీ ముచ్చట్లు ఇంటే మల్ల పండుకుంటడు తియ్యే," అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. ఆ ఒక్క మాటకు ఆమె మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

ఇంకొకటి కూడా చూశాను. గంప ఎత్తుకోవడానికి చేతులు పైకి లేపితే ఆమె ముఖం ఉబ్బి కందిపోయేది. దించితే తగ్గేది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. "పండుకుంటే దగ్గు వస్తాంది బిడ్డా, గా మిర్చి ఘాటే" అనేది. చలికాలం నుంచీ చూస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు.

జ్వరం వచ్చిన ఐదో రోజు మధ్యాహ్నం ఊపిరి లోపలికి తీసుకుంటుంటే ఆమె గొంతులో సన్నని ఈల మొదలైంది. శకుంతల బెల్లం తెచ్చింది. పెద్దమ్మ వద్దని చెయ్యి ఊపింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. "ఒళ్లె పండుకోబెట్టుకో, జర నిమ్మళమైతది," అని శకుంతల ఆమె తలను నా ఒడిలోకి వంచింది. పెద్దమ్మ గింజుకుని లేచి ముందు కడ్డీ పట్టుకుంది. దారంతా అలాగే కూర్చుంది.

డాక్టరమ్మ గడ్డను వేళ్లతో తడిమింది. కింది అంచు దొరకలేదు. సగం గడ్డ ఛాతీ ఎముక వెనక్కి దిగి గాలి గొట్టాన్ని నొక్కేసిందని ఎక్స్‌రే తీయించి, ఆ ఫొటో చూపించి చెప్పింది. ఇన్నాళ్లు మిగిలిన సన్నని దారిలోనే ఊపిరి ఆడింది. ఇప్పుడు వైరస్ జ్వరానికి ఆ దారి కూడా లోపల వాచింది.

"ఆపరేషన్ చెయ్యరా మేడం?" అని అడిగాను.

"ఇంత ఇన్ఫెక్షన్ల తట్టుకోదమ్మా. ముందుగాల గొంతుల పైపు ఎయ్యాలె. అది పోతదో లేదో చెప్పలేం. ఎన్ని రోజులాయె ఇట్ల?"

"మిర్చి ఘాటనుకున్నం," అంది శకుంతల.

డాక్టరమ్మ నా వైపు చూసింది.

"చలికాలం నుంచి," అన్నాను. శకుంతల నన్ను చూసి తల తిప్పుకుంది.

పైపు వేయాలంటే వెల్లకిలా పడుకోవాలి. పడుకోబెట్టబోతే పెద్దమ్మ గోళ్లు దిగేలా నా భుజం పట్టుకుంది. నన్నే నచ్చజెప్పమని నర్సు అంది. నేను లోపల ఉండటానికి వీల్లేదనీ చెప్పింది.

"పెద్దమ్మా, జరసేపే. పైపు ఏస్తరు. దమ్ము మంచిగ ఆడతది."

"నువ్వు... ఈడనే... ఉంటవా?"

"ఉంట."

ఆమె నా భుజం వదిలి తనంతట తానే వెనక్కి వాలింది. నన్ను బయటికి పంపి తెర లాగారు.

తెర వెనక నుంచి ఆ ఈల కాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి పైపు దిగలేదని, ఊపిరి ఆగిపోయిందని చెప్పేలోపే శకుంతల గోడ పక్కన కూలబడింది.