ముసలి లుడ్గర్ ప్లమ్ ఉండలు

మా హాటింగెన్ ఊళ్ళో థియోడోరా పంతులమ్మ రాసిన వంటల పుస్తకం లేని ఇల్లు ఉండేది కాదు. ఆవిడ పాదిరిగారి కూతురు. పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లల బడిలో వంట, కుట్టుపని నేర్పుతూ నలభై దాటాక ఆ పుస్తకం రాసింది. మాది పక్కిల్లే.

మొదటి ముద్రణలో ఒక ఘోరం జరిగింది. ప్లమ్ పండును బంగాళాదుంప పిండిలో పూర్ణంలా పెట్టి ఉడికించే ఉండల మీద వెన్న, చక్కెర, దాల్చినచెక్క పొడి వేయమని ఆవిడ రాసింది. అక్షరాలు కూర్చే ముసలి లుడ్గర్ పొరపాటున రెండు కాగితాలు ఒకేసారి తిప్పేసి, ఈ వంటకు వేరే వంట చివర అతికించాడు. దాంతో ఆ ఉండల మీద పొగబెట్టిన పంది మాంసం, ఉల్లిపాయలు వేయించి వేయమని అచ్చయిపోయింది. అది చూసిన పంతులమ్మ సిగ్గుతో కొన్నాళ్ళు గడప దాటలేదు. ఎన్నాళ్ళకో రెండో ముద్రణ వస్తే దగ్గర కూర్చుని మరీ దిద్దించింది.

ఆ కొత్త పుస్తకం వచ్చాక ఒక శనివారం సంతలో, పీపాలు చేసే హైనెర్ట్ భార్య ఎల్స్‌బెత్ ఆవిడను నిలదీసింది.

"ఏమండీ పంతులమ్మగారూ, మా ఉల్లిపాయలు ఎక్కడికి పోయాయి?"

"అది అచ్చుతప్పమ్మా. తీయించేశాను."

"తప్పా? ఇన్నేళ్ళుగా ఆదివారమొస్తే మా ఇంట్లో అదే వంట! మొన్న మా కోడలు కొత్త పుస్తకం చూసి చక్కెర చల్లి పెడితే, 'ఈ తీపి పథ్యం పెట్టడానికి నాకేమన్నా జ్వరమొచ్చిందా?' అని మా ఆయన పళ్ళెం తోసేశాడు."

"తీపి మీద మాంసమా! ఎలా తింటున్నారే తల్లీ?"

"నోటితోనే. ఇంతకీ మీరు తిని చూశారా?"

"లేదు."

"అయ్యో, రాసినావిడే రుచి చూడలేదటర్రా!" అని చేపలమ్మే ఆవిడ అరిచింది. సంతంతా గొల్లుమంది.

ఎల్స్‌బెత్ పంతులమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. వెనకాల మేమందరం. ఉండలు ఉడికాయి, ఉల్లిపాయలు ఎర్రగా వేగాయి. పంతులమ్మ చేదు మందు మింగేదానిలా కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. పండు పులుపు, మాంసం ఉప్పదనం, పొగ వాసన, ఉల్లిపాయ తీపి. కళ్ళు తెరిచి మమ్మల్నందరినీ చూసింది.

"ఎలా ఉందండీ?"

"ఇంకోటి వెయ్యి."

ఆ ఉండ కూడా పూర్తయ్యాక ఆవిడకు నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "దీనికోసమా నేను ఇన్నేళ్ళు తలదించుకు తిరిగాను!" అంది. వెంటనే లుడ్గర్‌ను పిలిపించింది. తిట్లు తప్పవనుకుని ఆయన టోపీ చేత్తో నలుపుకుంటూ వచ్చాడు.

"కూర్చో, తిను. ఇది నీ వంటే."

"నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు తల్లీ!"

"రాకపోతేనేం, పుస్తకంలో నీ పేరే పెడుతున్నాను."

అన్నట్టే పెట్టింది. మూడో ముద్రణలో 'లుడ్గర్ ఉండలు' చూసి ఆయన భార్య ఊరంతా తిరిగి చెప్పుకుంది: "పొయ్యి ఎటువైపుందో తెలియని మనిషికి ఈ వైభోగం చూశారా!"

ఇక మా పంతులమ్మ ప్రతి ఆదివారం ఎల్స్‌బెత్ ఇంటికి భోజనానికి వెళ్ళడం మొదలుపెట్టింది. చలికాలం వచ్చేసరికి ఆవిడ గౌన్లన్నీ కుట్లు విప్పి వదులు చేయవలసి వచ్చింది.