రఘుపతి ఇంట్లో పదకొండో రోజు

మా ఆయన రఘుపతి ఫొటో ముందు దీపం పెట్టి తల ఎత్తేసరికి గుమ్మంలో వీరబ్రహ్మం ఉన్నాడు. చేతిలో ఖర్జూరాల పెట్టె. అతను వెతుకుతున్న మల్లీశ్వరి ఆ సమయానికి మా వంటగదిలో గారెలు వేస్తోంది.

వీరబ్రహ్మం ఏజెంటు. కడప వైపు నుంచి ఆడవాళ్లను ఇళ్లలో పనికి మస్కట్ తెస్తాడు. మల్లీశ్వరిని ఒక ఇంట్లో పెట్టిందీ అతనే. ఆ ఇంట్లో వాతలు పెడితే తట్టుకోలేక పారిపోయి మా ఆయన దగ్గరికి వచ్చింది. ఆదివారం ఎంబసీకి తీసుకుపోతానని ఆయన మాటిచ్చాడు. మంగళవారం డ్యూటీలోనే గుండె ఆగిపోయింది. ఇక్కడే దహనం చేశాం. ఆ ఆదివారం వచ్చింది, పోయింది. మల్లీశ్వరి మా ఇంట్లోనే ఉండిపోయింది. పారిపోయిన మనిషిని దాచానని పోలీసులొస్తే నన్నూ మా పాపనూ కూడా పట్టుకుపోతారని ఎదురు ఫ్లాట్‌వాళ్లు చెప్పినప్పటి నుంచి లిఫ్ట్ చప్పుడైనా నాకు గుండె దడే.

ఆయన కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. డ్యూటీ దిగాక రూవి బస్తీలో ఏ రూమ్‌లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పాస్‌పోర్టు ఎవరు దాచుకున్నా ఆయనే పోవాలి. ఎక్కడ తిరిగినా దార్‌సైట్‌లోని మా ఫ్లాట్ చేరి పాపకు అన్నం తనే కలిపి పెట్టేవాడు. ఎందుకొచ్చిన గొడవని నేను ఏడిస్తే, "నువ్వు భయపడు, నేను పోయొస్త. ఇద్దరం భయపడితే ఎట్ల?" అని నవ్వేవాడు.

శుక్రవారం కాబట్టి హాలు నిండా మనుషులు. మొదటి బంతి భోజనాలయ్యాయి. ఒక్కొక్కరూ ఫొటో పక్కన నిలబడి ఆయన గురించి ఒక మాట చెబుతున్నారు. వీరబ్రహ్మం వచ్చి కూర్చుని నా పాపను ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఏం జెప్పాల సెల్లెమ్మా, దేవునట్లా మనిషి," అని, పాప నోట్లో ఖర్జూరం పెట్టాడు. "ఇంతమందికి అమ్మ ఒక్కతే వండిందా పాపా?"

"మల్లత్త," అంది పాప.

"అట్లనా. యాడుంది మీ మల్లత్త?"

పాప వంటగది వైపు వేలు చూపించింది. అతను పాపను దింపి లేచాడు.

"కూసిన్ని నీళ్లు తాగొస్తా సెల్లెమ్మా."

ఆయన ఉంటే ఏం చేసేవాడో ఆలోచించే తెలివి నాకప్పుడు లేదు. గొంతు దానంతటదే లేచింది.

"పెద్దులు మామా, వీరబ్రహ్మమన్న మాట్లాడుతడట. మా ఆయనను బాగ ఎరిగినోడు."

పెద్దులు మామ జగిత్యాల మనిషి, మా ఆయనకు ఇక్కడ అన్నీ తనే. నా ముఖం చూసి ఆయనకు సంగతి అర్థమైంది. వచ్చి వీరబ్రహ్మం చెయ్యి పట్టుకున్నాడు.

"రా అన్నా. ఇంటామె అడిగినంక కాదంటవా?"

హాలంతా అతని వైపే చూస్తోంది. కాదనలేక ఫొటో పక్కకు వెళ్లాడు. వంటగది గుమ్మంలో, వంటకు సాయమొచ్చిన జైనబీ అక్క కనిపించింది. మల్లీశ్వరిని బయటికి తీసుకుపొమ్మని కళ్లతోనే సైగ చేశాను.

వీరబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. మంచివాడు, పేదలకు సాయం చేశాడు అంటూ నాలుగు ముక్కలు చెప్పి పక్కకు తప్పుకోబోయాడు.

"గంతేనా?" అన్నాడు పెద్దులు మామ. "ఇండ్లల్లకు మనుషులను తోలేటప్పుడు శానా మాట్లాడుతవు కద."

నలుగురు నవ్వారు. వీరబ్రహ్మం నవ్వలేదు. ఫొటో వైపు తిరిగాడు.

"ఈ మనిషి నా మీద కంప్లయింట్ మీద కంప్లయింట్ పెట్టినాడు. ఒక్కతూరి గూడా అరవలేదు. స్టేషన్ బయట టీ తాపించి, మీ అమ్మకు కన్ను ఆపరేషన్ అయ్యిందా అని అడిగినాడు. అరిసేటోళ్లంటే నాకు బయం లేదు. ఆ పొద్దు బయమేసింది."

అతని వెనకగా జైనబీ అక్క, మల్లీశ్వరి ఖాళీ అయిన పెద్ద అన్నం గిన్నెను చెరో చెవి పట్టుకుని, అద్దెకిచ్చినవాళ్లకు ఇచ్చి రావడానికన్నట్టు మెల్లగా బయటి గుమ్మం దాటారు. పాప "మల్లత్తా" అనబోతే గుండెకు అదుముకున్నాను.

వీరబ్రహ్మం మాట ముగిసీ ముగియగానే వంటగదిలోకి వెళ్లాడు. మూకుడులో గారెలు మాడిన వాసన. స్టవ్ కట్టేసి బయటికొచ్చాడు.

"నీ వీసా ఇంకెన్ని దినాలుంటాది సెల్లెమ్మా?" అని మెల్లగా అడిగాడు.

నా వీసా మా ఆయన ఉద్యోగం మీదే ఉంది.

"అది మేం సూసుకుంటం. నువ్వు బువ్వ తిను," అన్నాడు పెద్దులు మామ.

వీరబ్రహ్మం తినకుండానే వెళ్లిపోయాడు. కాసేపటికి జైనబీ అక్క ఫోన్. "ఇంటికి జేరినాం. ఆదివారం దంకా నా కాడ పెట్టుకుంటా. ఆ మీద నా వల్ల గాదు తల్లీ, మా కొడుకు షఫీ బయపడతాండాడు."

అందరూ వెళ్లాక పెద్దులు మామ ఒక్కడే మిగిలాడు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు ఎంబసీలో ఏం మాట్లాడాలో, ఎవరిని అడగాలో తెలియదు. పాపను ఎవరి దగ్గర వదలాలో అదీ తెలియదు. చెప్పులేసుకుంటున్న పెద్దులు మామను ఆపాను.

"మామా, ఎంబసీకి ఏ బస్సు ఎక్కాలె?"