పదిసార్లూ పదమూడే

సీసపు తూటా మొనని ఆకురాయితో కాస్త చదును చేసి, గట్టిదనం కొలిచే పరికరంలో నిలబెట్టి, పిడి నొక్కిపట్టి ముప్ఫై లెక్కపెట్టాడు ప్రేమానందం. ఎడమకన్ను మూసి, భూతద్దంలోంచి పడిన గుంట వెడల్పు చూశాడు. పట్టికలో వెతికాడు. పదమూడు. ఉండాల్సింది పదిహేను.

మళ్ళీ చూశాడు. పదమూడే.

కమ్మింగ్ ఊరి శివార్లలో, గురిపోటీలవాళ్ళకి తూటాలు పోసే చిన్న షెడ్డు అది. కరుణమ్మ సీసం కరిగించి పోస్తుంది, ఇతను గట్టిదనం చూస్తాడు. ఆరేళ్ళుగా ఇంతే. ఇద్దరిదీ ఒకే చర్చి.

ఇవాళ కరుణమ్మకి ఆఖరి రోజు. మూడు నెలలుగా ఆమె పోసినవన్నీ మెత్తగా ఉన్నాయని రాసిచ్చింది ఇతగాడే మరి. "నంబర్స్ అన్నీ కన్సిస్టెంట్‌గా తక్కువే ఉన్నాయి అంకుల్. ఆంటీని ఇంక కీప్ చేయలేను," అన్నాడు షెడ్డు యజమాని జూడ్.

అసలు సంగతి జూడ్‌కి తెలీదు. ఫిబ్రవరిలో పరికరం ప్రేమానందం చేతిలోంచి జారి సిమెంటు నేలమీద పడింది. ఎవరూ చూడలేదు. ఊడిన స్ప్రింగు మర తనే బిగించేశాడు, కాస్త ఎక్కువే బిగించాడు; స్ప్రింగు అంత గట్టిగా నొక్కితే గుంట వెడల్పై, గట్టి తూటా కూడా మెత్తగా కనిపిస్తుంది. తర్వాత ఒకే తూటాని పదిసార్లు చూస్తే పదిసార్లూ ఒకే అంకె. ఇంకేం, బాగానే ఉందనుకున్నాడు. ఎప్పుడూ ఒకే మాట చెప్పేది నిజమే చెబుతుందని నమ్మేశాడు, వెర్రిబాగులవాడు!

ఆమెకి నోటీసిచ్చాక మనసు ఊరుకోక, ఆమె పోసిన తూటా ఒకటి దొంగచాటుగా ల్యాబ్‌కి పంపాడు. పొద్దున్నే జవాబొచ్చింది. పదిహేను. దాంతోపాటే పోసిన జత తూటాయే ఇప్పుడు అతని ముందున్నది.

తిన్నగా జూడ్ గదికి వెళ్ళాడు.

"ఏంటి అంకుల్?"

యాభైతొమ్మిదేళ్ళ వాణ్ణి ఇంకెవడు పనిలో పెట్టుకుంటాడు?

"ఏం లేదు బాబూ. లేబుళ్ళు అయిపోయాయి."

ఛీ, అనుకున్నాడు బయటికొచ్చి. అన్నం తిన్నాక చెప్దామనుకున్నాడు. అన్నం సయించలేదు. మూడింటికి చెప్దామనుకున్నాడు. మూడయ్యింది.

కరుణమ్మే వచ్చింది, మసి చేతులు తుడుచుకుంటూ. "ఈ రాత్రికే ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నయ్యా. తనే టికెట్ బుక్ చేసేసింది. అదేంటి, అలా ఉన్నారు?"

"నా వల్లే కదమ్మా..."

"ఊరుకోండి. మీ పని మీరు చేశారు."

అప్పుడైనా చెప్పొచ్చు. తల వంచుకుని ఇంకో తూటా అందుకున్నాడు, పాపిష్టి మనిషి.

నాలుగింటికి ఆమె మోచేతులదాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. కుండ కింద మంట ఆపింది. కాసేపటికి బయట కారు కదిలిన చప్పుడైంది. అప్పటికి కాళ్ళు కదిలాయి ఇతనికి. పక్కతలుపు తోసుకుని పరిగెత్తాడు. పార్కింగ్‌లో జూడ్ బండీ, తన బండీ తప్ప ఏమీ లేవు.

తిరిగొచ్చాక గమనించాడు, బల్లమీద తూటాల పెట్టె చాటున మడిచిన కాగితం. కరుణమ్మ రాత.

"అన్నయ్యా, నేను పోసినవి మెత్తగా లేవు. గోరుతో గీసి చూస్తే నాకు తెలుస్తుంది. మీకు చూపు తగ్గిందేమో. జూడ్‌తో అంటే మీ పనికి ఎసరొస్తుందని ఊరుకున్నాను. ఇవి పెట్టుకుని చూడండి."

కాగితం పక్కన కొత్త కళ్ళజోడు, అద్దాలకి అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా తీయకుండానే ఉంది.