గ్లాసులో మడుగు

ఆ వీధిలో పొద్దున్న లేవగానే ఎవరూ అద్దం చూసుకోరు. కిటికీలో పెట్టిన గ్లాసు చూస్తారు.

మడుగులోంచి ముంచి తెచ్చిన నీళ్లు ఏ ఇంట్లో పెట్టినా మడుగు చెప్పినట్టే వింటాయి. మడుగు నిండుగా ఉంటే గ్లాసు నిండుగా, మడుగు సగమైతే గ్లాసు సగం. పాలు కాస్తే పొంగడం ఎలాగో ఇదీ అలాగే, దాని గురించి మాట్లాడుకునేందుకు ఏముంది? ఇల్లు మారినవాళ్లు కూడా ముందు గ్లాసు సర్దుకుని తర్వాతే మంచం మోసేవాళ్లు.

ఒకసారి మిట్టమధ్యాహ్నం అన్ని గ్లాసుల్లోనూ నీళ్లు గబగబా దిగిపోయాయి. వీధంతా కంచాలు మోగిస్తూ పరుగెత్తింది. ఎవరో గట్టున మోటారు పెట్టి మడుగుని ట్యాంకర్లలోకి తోడేస్తున్నారు. మైకు పిన్ని చీర ఎగదోపి, ఆ మోటారుని బురదలోకి ఒక్క తోపు తోసింది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది, అందుకే ఆ పేరు. ఆ తర్వాతే సర్కారువాళ్లు వచ్చి 'చిత్తడి నేల పార్కు' అని బోర్డు పాతారు. వీధివాళ్లు గ్లాసు కమిటీ పెట్టుకున్నారు. పిట్టలు గుడ్లు పెట్టే ఆవలి వైపుకి ఎవరూ పోకుండా తుంగకి అడ్డంగా తాడు కట్టారు. తాడు దాటితే పిన్ని నోటికి బలి కావాల్సిందే, కాబట్టి ఎవరూ దాటలేదు.

కుట్టుపని చేసే పిల్లని వీధంతా కుట్టుపిల్ల అనేది, ఆమె మిషను వాళ్లింట్లో గ్లాసు పెట్టిన కిటికీ పక్కనే. వాళ్ల నాన్న పార్కులో పడవ నడుపుతాడు. ఆమె జాకెట్లు కుడుతూ దారానికి ఒకసారి, గ్లాసుకి ఒకసారి కళ్లు తిప్పేది. పొద్దుటి వెలుగు ఆ నీళ్లలోంచి వచ్చి గుడ్డ మీద పడి వణుకుతుంటే, తన చేతుల కింద మడుగే పరుచుకున్నట్టు ఉండేది.

అలాంటి ఓ పొద్దున్న చిరిగిన జేబుతో ఒకడు వచ్చాడు. టిప్పరు డ్రైవరు.

"ఏం మోస్తావ్ ఇందులో, రాళ్లా?" అంది.

"మనసు."

"అంత బరువైతే లారీలో వేసుకోకపోయావా?"

మర్నాడు ఇంకో చొక్కా తెచ్చాడు. ఆమె వెలుతురుకి పట్టి చూసింది. "ఇది చిరగలేదు. బ్లేడుతో కోశావు."

"కుట్టేదానివి కుట్టొచ్చుగా, పోలీసు పనెందుకు?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంతకీ ఎక్కడ పని నీకు?"

అతను కిటికీలోకి చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "మడుగు ఆవలే. నింపుతున్నాం."

ఆమె గ్లాసు వైపు చూసింది. నిన్నటికంటే ఎక్కింది. గుండె కూడా దానితోపాటే ఎక్కింది, మొహమంతా నవ్వు పరుచుకుంది. వాన లేదు, మబ్బు లేదు, మడుగు నిండుతోంది! ఎక్కడి కాలవో తిప్పి తెస్తున్నారన్నమాట, తెచ్చేవాడు తన ఎదురుగా నిలబడి చొక్కా బొత్తాం తడుముకుంటున్నాడన్నమాట.

పిన్నికి చెప్పింది. పిన్నికి చెప్పాక ఇంకెవరికీ చెప్పక్కర్లేదు.

"నీకు కాబోయేవాడు కాలవని వెంటబెట్టుకొచ్చాడే!" అని పిన్ని గుమ్మంలోంచే అరిచింది. పడవ అడుగు నేలకి రాసుకోవడం మానేసిందని నాన్న మురిసిపోయాడు. అల్లుడు మంచివాడేలా ఉన్నాడని ఆ రోజే అనేశాడు. అతను వచ్చినప్పుడల్లా అందరూ పలకరించేవాళ్లు. అతను మాత్రం టీ చల్లారిపోయేదాకా తల దించుకుని కూర్చునేవాడు. సిగ్గు అనుకుంది ఆమె. ఆ సిగ్గే ఆమెకి మరీ నచ్చింది.

ఎండలు మండే రోజుల్లో ఒక ఆఫీసరు వచ్చాడు. పార్కు ఉంచాలా తీసేయాలా తేల్చాలట. వీధంతా గ్లాసులు చేత్తో పట్టుకుని బారులు తీరింది. అంచుదాకా నిండినవి, నడిస్తే తొణికేవి.

"చూడండి సారూ, నడి వేసవిలో పొంగుతోంది మా మడుగు!" అంది పిన్ని.

"పొంగుతోందా?"

"పొంగిపొర్లుతోంది!"

"అందరి ఇళ్లలోనూనా?"

"అందరి ఇళ్లలోనూ!" అని వీధి వీధంతా ఒక్క గొంతుతో చెప్పింది. కుట్టుపిల్ల గొంతు కూడా అందులో ఉంది, అందరికంటే కాస్త గట్టిగానే.

ఆఫీసరు బూటు మీద తొణికిన నీళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ వచ్చినప్పుడు మర్యాదగా చెప్పాడు. "మీరే చెప్పారు కదమ్మా, మడుగు పొంగి ఇళ్ల మీదికి వస్తోందని. మీ క్షేమం కోసమే తోడించేస్తున్నాం."

పిన్ని కత్తిపీట అందుకుని, నీళ్లు ఎక్కణ్ణించి పొంగుతున్నాయో చూద్దామని తుంగ వైపు నడిచింది.

అప్పుడు తాడు కోసుకుని ఆవలికి వెళ్లారు అందరూ. తుంగ వెనక మడుగు లేదు. కనుచూపు మేర ఎర్రమట్టి, దాని మీద టిప్పర్ల చక్రాల గాట్లు. మట్టి పడుతున్నకొద్దీ నీళ్లు ఈవలికి జరిగాయి, జరిగి గ్లాసుల్లోకి ఎక్కాయి. మడుగు చస్తుంటే వీళ్లు పండగ చేసుకున్నారు. నాన్న గట్టున చతికిలబడి తన కాళ్లకంటిన ఎర్రమట్టిని తుడుస్తూనే ఉండిపోయాడు.

"పూడుస్తున్నాం అని ఎందుకు అనలేదు?" అని అడిగింది కుట్టుపిల్ల డ్రైవర్ని.

"నింపుతున్నాం అంటే నువ్వు నవ్వావు," అన్నాడతను. "ఆ నవ్వు చూశాక ఇంకో మాట రాలేదు."

అబద్ధమాడి ఉంటే బాగుండేది, తిట్టి పంపేసేది. అతను నిజంగానే చెప్పాడు. దాన్ని ఎటు పట్టుకుని తిట్టాలో ఆమెకి తెలియలేదు.

పంపులు మొదలయ్యాయి. గ్లాసులు దిగాయి. ఈసారి ఎవరూ కంచాలు మోగించలేదు. నీళ్లు అడుగుకి చేరుతుంటే కొందరు గ్లాసులు నేలకేసి కొట్టారు. పిన్ని మాత్రం తన గ్లాసుని శుభ్రంగా తోమి, అందులో టీ పోసుకుని, తాగకుండా పారబోసింది. పడవని ఎవరో పొయ్యిలోకి చీల్చారు. నాన్న వద్దనలేదు.

కుట్టుపిల్ల మాత్రం తన గ్లాసుని ముట్టుకోలేదు, అందులో వేలి మందం నీళ్లు మిగిలాయి. రేపటికి పోతాయనుకుంది, పోలేదు. ఎల్లుండికీ పోలేదు. అంటే ఎక్కడో, ఏ తుంగ మొదట్లోనో, కాస్త మడుగు ఇంకా ఊపిరి పట్టుకుని ఉంది.

ఆ వారమే అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చొక్కా లేదు.

"మట్టి పోసిన చోట ఇళ్ల ప్లాట్లు వేస్తున్నారు, అక్కడ సూపర్‌వైజరుగా వేశారు నన్ను. పెళ్లయ్యాక లారీ ఎక్కక్కర్లేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పంపులవాళ్లు అడగమన్నారు... ఎక్కడైనా మిగిలిందా? మీ గ్లాసులు చెప్తాయిగా," అన్నాడు.

కిటికీకి తెర వేసి ఉంది. తెర వెనకే గ్లాసు. ఈ ఇంటికి మొగుడై వస్తే ఏదో ఒక పొద్దున్న ఆ తెర తీస్తాడు. అడిగితే నిజమే చెప్తాడు, పాపం, అబద్ధం చేతకాని మనిషి.

"ఏమీ మిగల్లేదు," అంది. "మన మధ్య కూడా."

అతను నమ్మాడు, రెండూ నమ్మాడు. కళ్లు తుడుచుకుంటూ వెళ్తుంటే వెనక్కి పిలిచే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ల మధ్య దారం కొరికినట్టు కొరికేసింది.

వీధంతా ఆమెనే అంది. "పోయిన మడుగు ఎలాగూ పోయింది. ఉన్న పిల్లాణ్ణి ఎందుకే తరిమేశావ్, రాతిగుండెదానా!" అని పిన్ని వచ్చి కూర్చుని మరీ తిట్టింది. వీధివాళ్ల గొంతు ఎక్కడికి చేరుతుందో కుట్టుపిల్ల ఒకసారి చూసింది. అందుకే పిన్నికి కూడా చెప్పలేదు.

ఇప్పుడామె ఎర్రమట్టి మీద లేచిన కొత్త ఇళ్లకి కర్టెన్లు కుడుతుంది. నాన్న నిద్రలేవకముందే తెర కొంచెం పక్కకి తొలగించి చూస్తుంది. ఈ పొద్దున్న ఆ వేలి మందం నీళ్లలో ఒక దోమపిల్ల మెలికలు తిరుగుతూ ఈదుతోంది. చాలాసేపు దాన్నే చూసి, మెల్లగా తెర వేసేసింది.