చీరంతా పట్టని కెమెరా

కంటికి నిండుగా కనబడే మనిషి కెమెరాలోకి ఎందుకు రాదు? ఫిల్ము మానేసి డిజిటల్ కెమెరా కొన్న 2004 నుంచి చిత్తూరు ఫోటోగ్రాఫర్ మునిరత్నాన్ని ఈ అనుమానం వదల్లేదు. లెన్సు పాతదే. నిలబడే చోటూ పాతదే. మరి తిరుమలమ్మ ఏమైపోతోంది?

ఐరాలలో ఆమె ఇంట ఏటా ఇంటిదేవత పూజనాడు కొత్త చీరను పొడవునా విప్పి, ఇంటిల్లిపాదీ వరుసగా పట్టుకుని నిలబడతారు. మడత పడకూడదు. కొంగు కొస పెద్దకోడలు తిరుమలమ్మది. ఎదురుగోడకు వీపు ఆనించి మునిరత్నం ఫోటో తీయాలి. ఫిల్ము రోజుల్లో చీర మొత్తం పడేది. డిజిటల్ వచ్చాక రెండు కొసలూ ఎగిరిపోయాయి. అటుకొస పట్టుకునే చిన్నకోడలు పంకజాక్షి ఆ సంగతే పట్టించుకోలేదు. తిరుమలమ్మ ఊరుకునే రకం కాదు.

“కొంచెం లోపలికి జరగమ్మా,” అన్నాడు మొదటి ఏడు.

“జరిగితే చీర మడత పడదా? నువ్వే ఎనక్కి పో.”

“ఎనకాల గోడ ఉండాది కదమ్మా!”

“అయితే గోడలోకి పో!”

రెండు ఫోటోలు తీసి అతికిస్తానంటే కొట్టినంత పని చేసింది. “అమ్మోరికి పెట్టే చీరను నడిమికి కోస్తావా?”

“వచ్చే ఏడు నిన్ను పూర్తిగా తీసిస్తాలేమ్మా,” అని బయటపడ్డాడు. ఆ వచ్చే ఏడు ఎంతకీ రాలేదు. చిత్తూరు బస్టాండులో కనబడితే చాలు, పదిమందిలో “నా ఫోటో యాడప్పా?” అని నిలదీసేది. తనవల్ల పూజలో ఏదైనా లోపం జరిగిందేమోనని అతడు అమ్మవారికి మొక్కుకున్నాడు కూడా.

2009లో, తిరుపతిలో పెళ్ళిళ్ళు తీసే సుందరరాజు కొత్త కెమెరా కొన్నాడని విని, పోయి గోడు వెళ్ళబోసుకున్నాడు. సుందరరాజు పాత నెగటివ్ ముక్క మీద గోటితో గీత గీశాడు.

“ఫిల్ము ఇంత. నీ కెమెరాలో బొమ్మ పడే సెన్సారు ఈ గీత దాకానే. లెన్సు అంతా సూస్తాదప్పా, పట్టేదానికి ఆడ చోటు లేదు. నా దాంట్లో సెన్సారు ఫిల్మంత ఉంటాది. ఫుల్ ఫ్రేమ్ అంటారు.”

“అమ్మినోడు ఈ మాట చెప్పలేదే! పాత లెన్సు సరిపోతాదని ఇచ్చినాడు.”

“సరిపోయింది గదా. గట్టిగా బిగిసింది కూడా.”

మునిరత్నానికి ఒళ్ళు మండింది. ఐదేళ్ళు తిట్లు తిన్నాడు. తీరా చూస్తే తప్పు ఇంత చిన్న ముక్కలో ఉంది. ఇందులోకి అమ్మవారిని ఎందుకు లాగానా అని నొచ్చుకున్నాడు.

ఆ ఏడు పూజకు సుందరరాజు కెమెరానే అడిగి తెచ్చాడు. తన లెన్సు దానికి బిగించి గోడకు ఆనుకున్నాడు. చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టింది. ముడుచుకున్న మూతితో సహా తిరుమలమ్మ కనబడింది.

“నవ్వమ్మా!”

“ముందు నన్ను పడనీ. నవ్వేది తర్వాత.”

మూడోనాడు ప్రింటు వేయించి, తనే ఐరాల పోయి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొంగు కొసను వెతికి, తన ముఖం మీద వేలు ఆనించింది.

“ఈడ ఉండాను,” అంది. కాసేపు అట్లాగే చూసుకుని, “సరే, ఇంక నువ్వు నాకేం బాకీ లేవు, పోప్పా,” అంది.