కోళ్ల షెడ్డులో వార్తలు

నేను ఒక పాత రేడియోని. చెక్క పెట్టె, తిప్పడానికి రెండు మరలు, గొప్ప గొంతు. ఆ గొంతు విషయంలో నాకు కాస్త పొగరుంది. ఉండాలి కూడా.

ఫ్యాక్టరీ నుంచి ముందు దర్జీ దస్తగిరి కొట్టుకు చేరాను. నా క్రికెట్ కామెంటరీ వింటూ ఆయన ఎన్ని చొక్కాలకు గుండీలు తప్పు కుట్టాడో చెప్పను. టీవీ రాగానే నన్ను పొరుగున ఉన్న నాగరత్నానికి ఇచ్చేశాడు.

నాగరత్నానికి సముద్రం దగ్గర కోళ్ల షెడ్డు ఉంది. దాని మీదుగానే యుద్ధ విమానాలు బాగా కిందుగా దూసుకుపోతాయి. శబ్దం కన్నా వేగంగా పోతాయట. మనుషులకు ఎంత తొందరంటే, తమ చప్పుడు వచ్చేదాకా కూడా ఆగరు. ఆ చప్పుడు మాత్రం వెనకే వచ్చి పిడుగులా పడుతుంది. కిందటేడు ఆ దెబ్బకు కోళ్లన్నీ ఒక మూలకు పరుగెత్తి, ఒకదాని మీద ఒకటి పడి, మూడొందలు ఊపిరాడక చచ్చాయి.

"ఇంకోసారి ఇట్టా అయితే షెడ్డు మూసేసి కూలికి పోదాం" అన్నాడు ఆమె భర్త ఆదిశేషు.

అందుకే ఆమె నన్ను షెడ్డు దూలానికి మేకు కొట్టి వేలాడదీసింది. పొద్దస్తమానం పాటలు, వార్తలు. రోజురోజుకీ నా గొంతు కాస్త కాస్త పెంచింది.

"కోళ్లకి పాటలేందే? రేపు సినిమాక్కూడా తీసకపోతావా?"

"చప్పుడికి అలవాటు పడనీ. మీరు చూస్తా ఉండండి."

ఒక మధ్యాహ్నం వార్తల వేళ విమానం వచ్చింది. రేకులు అదిరాయి. కోళ్లు తలలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. నా గర్వం అంతా ఇంతా కాదు. అంతలో ఆ అదురుకు మేకు ఊడి నేలమీద పడ్డాను. గొంతు పోయింది.

చప్పుడుకు బెదరని కోళ్లు ఆ నిశ్శబ్దానికి బెదిరాయి. ఒకటి మూలకు కదిలింది. దాని వెనక పది, వంద. నా గుండె ఆగినంత పనైంది. అప్పటికే ఆగిపోయిందనుకోండి.

నాగరత్నం పరుగున వచ్చింది. నన్ను చూసింది, ఆ మూలను చూసింది. షెడ్డు మధ్యలో నిలబడి, అచ్చం నేను చదివినట్టే తొణక్కుండా మొదలుపెట్టింది.

"ఆకాశవాణి. వార్తలు చదువుతున్నది నాగరత్నం. మేత వచ్చింది. తొట్లో నీళ్లున్నాయి. విమానం ఎళ్లిపోయింది. వాతావరణం పొడిగా ఉంటది."

కోళ్లు ఆగాయి. ఒక్కొక్కటే మేత దగ్గరికి తిరిగి వచ్చాయి. ఆ రోజు ఒక్కటి కూడా చావలేదు.

నన్ను పాత సామాన్లవాడికి వేసేద్దామని ఆదిశేషు అంటే ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు షెడ్డు గోడ గూట్లో మూగగా కూర్చుని రోజూ ఆమె వార్తలు వింటున్నాను. యాస ఆమెదే కానీ, ఆ నిదానం నాది.

నిన్న ఆమెకు జ్వరం. మేత బుట్టతో ఆదిశేషు వచ్చాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వార్తలు చదువుతున్నది ఆదిశేషు."